రోజుకు అయిదు మాటలు

తెలుగు వ్యాకరణం అనగానే ముఖం చిట్లించుకునే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. "ఇంట్లో పొద్దస్తమానం తెలుగే గదా మాట్లాడుతున్నాం! మళ్ళీ దాన్ని నేర్చుకోవట మేమిటి?" అని వారి ప్రశ్న.

ఆ ప్రశ్నలో కొంత న్యాయం లేకపోలేదు. పిల్లలకు తమకు తెలియకుండానే బోలెడంత వ్యాకరణం తెలుసు. నమ్మకం లేకపోతే ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. "చేయి" అనే మాటకు "లో" చేర్చి చెప్పండి. "చేయిలో" అన్నారా? అనలేదు. "చేతిలో" అన్నారు. అలాగే "గొయ్యి"కి "లో" చేరిస్తే "గోతిలో" అయింది. "ఇల్లు"కు చేరిస్తే "ఇంటిలో" అయింది. "కన్ను"కు "తో" చేరిస్తే "కంటితో" అయింది. ఈ "తి", "టి" అనేవి ఎక్కడినుంచి వచ్చాయి? మీకెవరూ బెత్తం పట్టుకుని నేర్పలేదు గదా! ఇలా మారే మాటలకు వ్యాకరణంలో "ఔపవిభక్తికాలు" అని పేరు. పేరు వింటే గుండె దడదడలాడుతుంది గాని, ఆ పని మీ నాలుక రోజూ చేస్తూనే ఉన్నది.

అంటే, వ్యాకరణం ఎవరో కొత్తగా కల్పించి మీ నెత్తిన పెట్టిన బరువు కాదన్నమాట. మనం మాట్లాడే తీరును గమనించి, "ఇదుగో, ఇది ఇలా జరుగుతున్నది" అని చెప్పటమే వ్యాకరణం చేసే పని. మరి దాన్ని ప్రత్యేకంగా నేర్చుకోవటం దేనికి? దానికి గట్టి కారణమే ఉన్నది.

వంకర మేడ

ఆరో తరగతి దాటగానే పాఠాలలోకి కొత్త మాటలు గుంపులు గుంపులుగా వస్తాయి. సైన్సులో "వక్రీభవనం" అని వస్తుంది. "భవనం" అంటే మేడ అని అందరికీ తెలుసు. "వక్రం" అంటే వంకర. అందుచేత వక్రీభవనం అంటే "వంకర మేడ" కాబోలు ననుకునే పిల్లవాణ్ణి చూసి నవ్వటానికి వీలులేదు. వాడు తనకు తెలిసిన మాటలతో అర్థం తెలుసుకోవాలని ప్రయత్నించాడు. నిజానికి సంస్కృతంలో "భవనం" అంటే "అవటం" అనే అర్థం కూడా ఉన్నది. వక్రీభవనం అంటే వంకర అవటం. వెలుగు కిరణం గాలిలోనుంచి నీటిలోకి ఏటవాలుగా పోయేటప్పుడు దాని దారి వంగుతుంది. నీళ్ళ గ్లాసులో పెట్టిన పెన్సిలు విరిగినట్టు కనిపించటానికి ఇదే కారణం. మాట తెలిస్తే పాఠం సగం తెలిసినట్టే.

"కిరణజన్య సంయోగక్రియ" అన్నదీ ఇలాటిదే. దీన్ని మంత్రంలాగా కంఠస్థం చేసేవారు చాలామంది. కాని విడదీసి చూడండి: కిరణ అంటే వెలుగురేక, జన్య అంటే దానివల్ల పుట్టినది, సంయోగం అంటే కలయిక, క్రియ అంటే పని. వెలుగు సాయంతో ఆకు నీటినీ, గాలిలోని బొగ్గుపులుసు వాయువునూ కలిపి తనకు కావలసిన చక్కెరను తయారుచేసుకుంటుంది. ఆ సంగతి యావత్తూ ఆ పేరులోనే ఉన్నది!

లెక్కలలోనూ అంతే. లెక్క చేయటం చక్కగా వచ్చిన పిల్లవాడు కూడా "భాజ్యం" ఏదో, "భాజకం" ఏదో తెలియక ప్రశ్నే అర్థంకాక కూర్చుంటాడు. మార్కులు పోయేది లెక్కలలో. తక్కువైనది మాత్రం మాట. ఇలా రెండు మూడేళ్ళు సాగితే "నాకు చదువు రాదు" అనే దిగులు పట్టుకుంటుంది. తెలివి ఉండి కూడా, మాటలు చాలక వెనకబడటం ఎంత అన్యాయం!

ఒక్క రాత్రిలో ఎందుకు రాదు?

"అయితే పరీక్షల ముందు అన్ని మాటలూ ఒక్కసారే బట్టీపట్టేస్తే సరి!" అని మీకు తోచవచ్చు. దీన్ని గురించి జర్మనీ దేశంలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే శాస్త్రవేత్త చాలా శ్రమపడి పరిశోధన చేశాడు. ఆయన పరీక్షించినది మరెవరినో కాదు, తనను తానే. అర్థమున్న మాటలైతే కొన్ని సులువుగానూ, కొన్ని కష్టంగానూ ఉంటాయని, ఏ అర్థమూ లేని అక్షరాల ముక్కలను సుమారు 2,300 తయారుచేసుకున్నాడు. వాటిని పట్టీలుగా రాసుకుని, తప్పులేకుండా అప్పజెప్పగలిగేదాకా చదివేవాడు. కొంత కాలం ఆగి, మళ్ళీ అదే పట్టీ నేర్చుకోవటానికి ఎంత సేపు పడుతుందో చూసేవాడు. ఈ ఫలితాలను ఆయన 1885లో పుస్తకంగా ప్రకటించాడు.

మొదటిసారి నేర్చుకోవటానికి పట్టిన శ్రమ 100 పాళ్ళు అనుకోండి. గంట తరువాత మళ్ళీ నేర్చుకోవటానికి 56 పాళ్ళ శ్రమ కావలసివచ్చింది. అంటే గంటలోనే సగానికి పైగా జారిపోయిందన్నమాట! ఒక రోజు తరువాత 66 పాళ్ళు, నెల తరువాత 79 పాళ్ళు పట్టింది. చూశారా? మరుపు మొదట పరుగెత్తుతుంది. తరువాత నెమ్మదిగా నడుస్తుంది.

ఆయన కనిపెట్టిన రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. పన్నెండు ముక్కల పట్టీని ఒకేరోజున 68 సార్లు చదివితే మర్నాటికి ఎంత ఫలితం కనిపించిందో, దాన్నే మూడు రోజులకు పంచి మొత్తం 38 సార్లు చదివినా సుమారు అంత ఫలితమే కనిపించింది. 30 సార్ల శ్రమ మిగిలిపోయింది! ఒక్కసారిగా కుండలతో కుమ్మరించిన నీరు పొర్లిపోతుంది. అదే నీటిని కొంచెం కొంచెంగా పోస్తే నేల పీల్చుకుంటుంది. మన జ్ఞాపకశక్తి కూడా అలాటిదే.

కనక రోజుకు అయిదు మాటలు చాలు. పండుగలూ, సెలవులూ పోగా ఏడాదికి 200 రోజులు ఈ పని చేసినా 1,000 మాటలవుతాయి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు పూర్తయ్యేసరికి 3,000. నేర్చుకున్న మాటను మర్నాడు ఒకసారీ, మూడో రోజున ఒకసారీ, వారానికి ఒకసారీ, నెలకు ఒకసారీ పలకరించి రావాలి. చుట్టాలను పలకరించటం మానేస్తే వాళ్ళు మనని మరిచిపోరూ? మాటలూ అంతే.

ఒక మాటకు అయిదు ప్రశ్నలు

మాటనూ, దాని అర్థాన్నీ ఎదురెదురుగా రాసుకుని వల్లించినంత మాత్రాన ఆ మాట మీదయిపోదు. ప్రతి మాటనూ అయిదు ప్రశ్నలు అడగండి: దీని అర్థమేమిటి? ఇది ఎక్కడినుంచి వచ్చింది? దీన్ని విడదీయవచ్చునా? దీని చుట్టాలెవరు? దీనితో నేను ఏ వాక్యం చెప్పగలను?

"జలాశయం" అనే మాటను తీసుకుందాం. నీరు నిలవ ఉండే చోటు అని అర్థం. సంస్కృతంనుంచి వచ్చింది. విడదీస్తే జల + ఆశయం. "జల"లోని చివరి అకారమూ, "ఆశయం"లోని మొదటి ఆకారమూ కలిసి ఒకే దీర్ఘమైనాయి. ఇదే సవర్ణదీర్ఘ సంధి. ఇక చుట్టాలు చూడండి: జలపాతం, జలచరం, జలమార్గం ఒక వైపువారు. "ఆశయం" అంటే ఇక్కడ ఉండే చోటు. కాబట్టి తిన్నది జీర్ణమయే చోటు జీర్ణాశయం. ఇది రెండో వైపు చుట్టం. "జలచరం" దగ్గర ఇంకో తలుపు తెరుచుకుంటుంది. చరం అంటే తిరిగేది. నీటిలో తిరిగేది జలచరం. నేలమీదా, నీటిలోనూ తిరిగే కప్ప ఉభయచరం. రాత్రివేళ తిరిగేది నిశాచరం. వెంట తిరిగేవాడు అనుచరుడు. ఒక్క మాట కోసం పోతే అరడజను మాటలు వెంట వచ్చాయి! చివరికి మీ సొంత వాక్యం: "వానలు లేక జలాశయం అడుగంటింది."

వ్యాకరణం చేసే మేలు ఇదే. అది మాటల కీళ్ళు ఎక్కడున్నాయో చూపిస్తుంది. కీళ్ళు తెలిసినవాడు ఒక మాటనుంచి పది మాటలు రాబట్టుకుంటాడు. తెలియనివాడు పది మాటలనూ పదిసార్లు మోయాలి.

మన ఇంట్లో ఏయే దేశాలవారు ఉన్నారు?

మాట ఎక్కడిదో వెతకటం మంచి వినోదం. ఇల్లు, ఊరు, చెట్టు, పాలు, పిల్ల — ఇవి అచ్చంగా మన మాటలు. వీటిని దేశ్యాలు అంటారు. రాత్రి, విద్య, పుస్తకం — ఇవి సంస్కృతంనుంచి దాదాపు ఉన్న రూపంతోనే వచ్చాయి కనక తత్సమాలు. కొన్ని మాటలు మన నోట నాని, గుండ్రని గులకరాళ్ళలాగా తయారయాయి: సంధ్య సందె అయింది, రాత్రి రాతిరి అయింది, శ్రీ సిరి అయింది, యాత్ర జాతర అయింది. ఇవి తద్భవాలు.

ఇక బయటినుంచి వచ్చి మన ఇంట్లో స్థిరపడినవారు ఉన్నారు. మీరు కూర్చున్న కుర్చీ, చేత పట్టిన కలం అరబ్బీ మాటలు. రాసే కాగితం, నడిచే బజారు పారశీకంనుంచి వచ్చాయి. 1498లో వాస్కోడగామా ఓడ కళ్ళికోట చేరిన తరువాత పోర్చుగీసువారి రాకపోకలు ఎక్కువైనాయి. వారితోపాటు మీ చొక్కా బొత్తాం, ఇల్లు కట్టే మేస్త్రీ పేరు, తోటలోని అనాస వచ్చాయి. అనాసపండుకు ఆ పేరు పెట్టినవారు దక్షిణ అమెరికాలోని తెగలవారు. ఆ మాట రెండు సముద్రాలు దాటి మన తోటలోకి వచ్చింది! రోడ్డు, బస్సు, పెన్సిలు సంగతి చెప్పనే అక్కరలేదు. మాటలు వచ్చి చేరినందువల్ల భాష చిక్కిపోదు. ఉన్నవాటిని వాడక మరిచిపోతే చిక్కిపోతుంది.

కూరగాయల సంధి

రోజుకు అయిదు మాటలతోపాటు వ్యాకరణం ఒక్క చిటికెడు చాలు. దాన్ని కూడా ఇంట్లో వినిపించే మాటలనుంచే తీసుకోవాలి.

"కూర + కాయ" అంటే కూరకాయ కావాలి. కాని మనం కూరగాయ అంటాం. "అన్న + తమ్ముడు" అన్నదమ్ములు అయింది. "తల్లి + తండ్రి" తల్లిదండ్రులు అయింది. క పోయి గ వచ్చింది. త పోయి ద వచ్చింది. ఇలాగే క, చ, ట, త, ప అనే అయిదు గట్టి అక్షరాల స్థానంలో గ, స, డ, ద, వ అనే మెత్తని అక్షరాలు వస్తాయి. అందుకే దీనికి గసడదవాదేశం అని పేరు. ఇప్పుడా పేరులో భయపడవలసింది ఏమైనా ఉన్నదా? వచ్చే అయిదు అక్షరాలనూ వరసగా పేర్చి చెప్పారు, అంతే!

"పట్టపగలు" అన్న మాట ఎలా పుట్టిందో తెలుసునా? పగలు + పగలు. మొదటి "పగలు"లో "ప" మాత్రం మిగిలి, తక్కినది పోయి, దాని చోట "ట్ట" వచ్చింది. చివర + చివర చిట్టచివర. నడుమ + నడుమ నట్టనడుమ. బయలు + బయలు బట్టబయలు. ఒక మాటను నొక్కి చెప్పటానికి మన పెద్దలు ఎంత చక్కని ఉపాయం పట్టారో!

వ్యాకరణం తప్పితే అర్థం ఎంత తారుమారవుతుందో "మనం", "మేము" అనే రెండు మాటలు చెబుతాయి. ఇంగ్లీషులో ఈ రెంటికీ "వీ" అనే ఒక్క మాటే ఉన్నది. మనకు అలా కాదు. వినేవారిని కూడా కలుపుకుంటే "మనం". వారిని విడిచిపెడితే "మేము". మీ ఇంటికి చుట్టం వచ్చాడనుకోండి. "మనం భోంచేద్దాం రండి" అంటే ఆయన కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చుంటాడు. "మేం భోంచేస్తాం" అంటే పాపం, ఆయనకు పస్తే!

వారం రోజుల పని

ఈ సాధనకు రోజుకు పావుగంట మించి అక్కరలేదు. ఒక నోటుపుస్తకం కుట్టుకుని, దానికి "మాటల మూట" అని పేరు పెట్టుకోండి. అయిదు మాటలూ ఆ రోజు బడిలో చదివిన పాఠాలనుంచే ఏరుకోండి. సైన్సు, సాంఘికం, లెక్కలు — ఏదైనా సరే. వాటితోపాటు:

సోమవారం సంధి. చదివిన పేజీలో కలిసిపోయిన మాటలు రెండు వెతికి విడదీయండి. విద్యార్థిలో విద్యా, అర్థి ఉన్నారు. ఊరంతాలో ఊరు, అంతా ఉన్నాయి.

మంగళవారం సమాసం. రెండు మాటల మధ్య దాగిన సంబంధాన్ని బయటికి లాగండి. తిండిగింజలు అంటే తిండి కోసం గింజలు. పాముకాటు అంటే పాము వేసిన కాటు. దొంగభయం అంటే దొంగవల్ల భయం. ముల్లోకాలు అంటే మూడు లోకాలు. అదే ముక్కంటి అంటే మూడు కన్నులు కాదు, మూడు కన్నులు కలవాడు, శివుడు!

బుధవారం నిఘంటువు. కొత్త మాటలు రెండు అందులో వెతకండి.

గురువారం జోడుమాటలు. అదే అర్థమిచ్చే మాట ఒకటి, ఎదురు అర్థమిచ్చే మాట ఒకటి పట్టుకోండి. వెలుగుకు కాంతి తోడు, చీకటి ఎదురు.

శుక్రవారం పలుకుబడి. "కళ్ళు కాయలు కాచాయి" అంటే చెట్టుకు కాసే కాయలు కావు. చాలాసేపు ఎదురుచూశామని అర్థం. "వాడి చేతికి ఎముక లేదు" అంటే దానాలు చేసేవాడని అర్థం. ఇలాటివి ఒకటి రెండు రాసుకోండి.

శనివారం వాక్యం. "రాజు బడికి వెళ్ళాడు. రాజు పాఠం విన్నాడు. రాజు ఇంటికి వచ్చాడు." ఇదంతా "రాజు బడికి వెళ్ళి, పాఠం విని, ఇంటికి వచ్చాడు" అని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. చిన్న వాక్యాలను కలపటమూ, పెద్ద వాక్యాన్ని విరవటమూ రెండూ వచ్చినవాడు ఏ వ్యాసమైనా రాయగలడు.

ఆదివారం తనిఖీ. అర్థాలమీద చెయ్యి అడ్డుపెట్టుకుని, ఆ వారపు మాటలన్నీ మళ్ళీ చూసుకోండి. రాని మాట ఉంటే సిగ్గుపడకుండా వచ్చే వారానికి దాన్ని కూడా తీసుకుపోండి.

నిఘంటువుకు తాళంచెవి

బుధవారం పనికి వ్యాకరణం తప్పనిసరిగా కావాలి. నిఘంటువులో "తెచ్చాడు" అనే మాట దొరకదు. "తెచ్చు" కింద వెతకాలి. "విన్నాడు" కోసం "విను" దగ్గరికి పోవాలి. "ఊళ్ళో" అనేది "ఊరు" ఇంట్లోనూ, "పంటితో" అనేది "పన్ను" ఇంట్లోనూ ఉంటాయి. మనం మొదట చెప్పుకున్న ఔపవిభక్తికాలు ఇక్కడ అక్కరకు వచ్చాయి, చూశారా? "క్ష" అక్షరమాలలో చివర ఉన్నా, నిఘంటువులో "క" కింద చూడాలి. ఎందుకంటే అది క, ష కలిసిన అక్షరం. నిఘంటువు పెద్ద ధాన్యపు కొట్టయితే వ్యాకరణం దాని తాళంచెవి.

ఈ కొట్లు నింపినవారు ఎంత శ్రమపడ్డారో తలుచుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో కుంపిణీ ఉద్యోగం కోసం మద్రాసు వచ్చిన ఇంగ్లీషువాడు. తెలుగు ఆయన తల్లిభాష కాదు. పెద్దవాడైన తరువాత నేర్చుకున్నాడు. పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి, తాళపత్రాలు సేకరించి, తెలుగు వ్యాకరణం 1840లోనూ, తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లోనూ అచ్చువేయించాడు. పరవస్తు చిన్నయసూరి 1858లో తన వ్యాకరణ గ్రంథాన్ని ప్రకటించినప్పుడు దానికి "బాలవ్యాకరణం" అని పేరు పెట్టాడు. బహుజనపల్లి సీతారామాచార్యులు కూర్చిన "శబ్దరత్నాకరం" అనే నిఘంటువు 1885లో వెలువడింది. ఇంతమంది ఇన్నేళ్ళు ఏరి తెచ్చిన మాటలు ఇవాళ మనకు ఊరికే దొరుకుతున్నాయి.

పుస్తకంలో లేని మాటలు

అయితే అన్ని మాటలూ పుస్తకాలలో ఉండవు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉండేవాడు. దగ్గరి కొండలలో సవరలు ఉండేవారు. వారి భాషకు అప్పట్లో లిపి లేదు, పుస్తకం లేదు. ఆయన సవరలతో మాట్లాడుతూ, విన్నది విన్నట్టు రాసుకుంటూ ఆ భాష నేర్చుకున్నాడు. ఎన్నో ఏళ్ళ కృషి తరువాత సవర భాషా వ్యాకరణం 1931లోనూ, సవర నిఘంటువు 1938లోనూ అచ్చయినాయి. ఆయన చేసిన పనికి మొదలు కూడా ఒక చెవి, ఒక కలం, రోజుకు కొన్ని మాటలే! ప్రజలు మాట్లాడే తెలుగులోనే పాఠాలుండాలని పోరాడినవారిలో కూడా ఆయన ముఖ్యుడు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. ఎవరి ఇంటి భాష వారికి గౌరవమైనదని చాటిన కాళోజీ నారాయణరావు పుట్టినరోజు సెప్టెంబరు 9. అది తెలంగాణ భాషా దినోత్సవం.

తల్లిదండ్రులు ఇక్కడ కొంచెం శ్రద్ధ వహించాలి. ఒకరి ఇంట్లో బంగాళాదుంప అంటే, ఇంకొకరి ఇంట్లో ఆలుగడ్డ అంటారు. మరొకరు ఉర్లగడ్డ అంటారు. వేరుసెనగలను పల్లీలనేవారు ఉన్నారు, సెనక్కాయలనేవారు ఉన్నారు. బడిలో ఒక పిల్ల తన ఇంటి మాట పలికినప్పుడు తక్కిన పిల్లలు నవ్వితే, ఆ పిల్ల ఆ మాటనే కాదు, మాట్లాడటాన్నే మానుకుంటుంది. పుస్తకపు మాట నేర్చుకోవటం అవసరమే. కాని అందుకోసం ఇంటి మాట పారేసుకోనక్కరలేదు. మాటల మూటలో రెంటినీ పక్కపక్కనే రాయండి. ఒక మాట తెలిసినవాడి కంటే మూడు మాటలు తెలిసినవాడే ధనవంతుడు.

ఆదివారం పూట తాతనో, అమ్మమ్మనో, నాయనమ్మనో ఒక్క మాట అడిగి రాసుకోండి. నాగలి భాగాలకు పేర్లున్నాయి; ఎడ్లబండి భాగాలకు ఉన్నాయి; మగ్గానికి ఉన్నాయి; వంటింటి గిన్నెలకూ, గరిటెలకూ ఉన్నాయి. వస్తువు మూలపడితే పేరు కూడా మూలపడుతుంది. అడగటం ఆలస్యమైతే చెప్పేవారు ఉండరు. తెలుగునాడు విడిచి చెన్నపట్నంలోనో, బెంగుళూరులోనో, సముద్రాల కవతలనో పెరుగుతున్న పిల్లలకు ఈ ఆదివారపు మాట మరీ ముఖ్యం. వారికి ఇల్లే తెలుగు బడి.

పెద్దలకు ఇంకొక మాట. పిల్లవాడు తప్పు చెబితే వెంటనే తల మీద మొట్టకండి. ఆ మాటను మీరు మీ వాక్యంలో సరిగా వాడి చూపండి, వాడే పట్టుకుంటాడు. భోజనాల దగ్గర ఆ రోజు నేర్చుకున్న మాట ఒకటి వాడి చెప్పమనండి. మీరూ ఒకటి చెప్పండి. పావుగంట సాధన పుస్తకంలో జరిగితే, అసలు సాధన కంచం ముందు జరుగుతుంది.

మొదటి రోజు పని

ఇవాళే మొదలుపెట్టటానికి నాలుగు ప్రశ్నలు ఇస్తున్నాం. జవాబులు కింద ఉన్నాయి. ముందుగా చూడకండి సుమా!

1. ఈ మాటలను నిఘంటువులో ఏ మాట కింద వెతకాలి? — గోళ్ళు, ఏటిలో, కొన్నాడు, వాకిట్లో.

2. విడదీయండి — మేనత్త, సూర్యోదయం, అత్యవసరం, మొట్టమొదట.

3. ఇవి ఎక్కడి మాటలు? — కలం, ఊరు, జాతర, బొత్తాం.

4. ఒకే వాక్యంగా చెప్పండి — అమ్మ పాలు కాచింది. అమ్మ తోడు వేసింది. అమ్మ గిన్నె ఉట్టి మీద పెట్టింది.

జవాబులు: 1. గోరు, ఏరు, కొను, వాకిలి. 2. మేన + అత్త. సూర్య + ఉదయం. అతి + అవసరం. మొదట + మొదట. 3. కలం అరబ్బీ; ఊరు దేశ్యం; జాతర తద్భవం, యాత్రనుంచి వచ్చింది; బొత్తాం పోర్చుగీసు. 4. అమ్మ పాలు కాచి, తోడు వేసి, గిన్నె ఉట్టి మీద పెట్టింది.

నాలుగూ సరిగా చెప్పినవారు రేపటి అయిదు మాటలు ఏరుకోవచ్చు. తప్పినవారు కూడా రేపటి అయిదు మాటలు ఏరుకోవచ్చు. తప్పిన మాటను మాత్రం రేపు పొద్దున మరొక్కసారి పలకరించి రండి.